మా ఎదుట వకీలును నిలబెట్టే ముందు మమ్మల్నొక మాట అడగండి

వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రివర్యులకు, శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, కార్మిక శాఖ కమిషనర్ గారికి

విషయం: లేబర్ కోర్టుల్లోనూ, వాటి స్థానంలో రానున్న పారిశ్రామిక ట్రిబ్యునళ్లలోనూ వకీలు లేకుండా తమ కేసు తామే నడుపుకునే కార్మికులకు కల్పించాల్సిన వెసులుబాట్ల గురించి.

అయ్యా,

పనిలోంచి తీసేస్తే లేబర్ కోర్టుకెళ్లి మా కేసు మేమే చెప్పుకుంటున్నవాళ్లం మేము. మాలో మందుల కంపెనీల్లో ప్యాకింగ్ చేసినవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రుల్లో హౌస్‌కీపింగ్ చేసిన ఆడవాళ్లు, ప్రైవేటు బస్సుల డ్రైవర్లు ఉన్నారు. యూనియన్ ఉన్నచోట పనిచేసినవాళ్లు బహు తక్కువ. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లే ఎక్కువమంది. పెట్టుకున్నాక ఆయన ఫోనెత్తడం మానేస్తే ఫైలు వెనక్కి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అవతలి పక్షానికి మాత్రం ప్రతి వాయిదాకూ వకీలు ఉంటారు. సీనియర్‌కు హైకోర్టులో పనుంటే జూనియర్ వస్తారు.

మేం అడగబోయేదానిలో ముఖ్యమైనది కొత్తదేమీ కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే. లేబర్ కోర్టులో ఏ పక్షమైనా వకీలు ద్వారా వాదించుకోవాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతించాలి. రెండూ ఉండాల్సిందే. రాజీ ప్రయత్నం జరిగే దశలో, అంటే లేబర్ ఆఫీసరు ముందు, వకీలుకు అసలు ప్రవేశమే లేదు. కార్మికుడి తరఫున యూనియన్ నాయకుడు రావచ్చు. యూనియన్ సభ్యుడు కాకపోతే అదే పరిశ్రమలో పనిచేసే తోటి కార్మికుడు రావచ్చు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత చట్టంలో చాలా వాటిని మార్చింది గానీ ఈ సమ్మతి షరతును మాత్రం అలాగే ఉంచింది.

ఈ షరతు ఉత్తుత్తిది కాదని 1976లోనే పారదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినంత మాత్రాన వకీలు యజమాని ప్రతినిధి అయిపోడని చెప్పింది. అదే తీర్పు ఇంకో దారి కూడా తెరిచిందనుకోండి. యజమానుల సంఘంలో నిజంగా పదవిలో ఉన్న వకీలు, సంస్థలో నిజంగా ఉద్యోగం చేసే లా ఆఫీసరు ఆ హోదాలో రావచ్చు. యూనియన్‌లో పదవిలో ఉన్న వకీలుకూ అదే వర్తిస్తుంది. దాని మీద మాకు పేచీ లేదు. మా పేచీ అంతా ఆ హోదా ఏదీ లేకుండా, మా సమ్మతీ లేకుండా, వకాలత్ దాఖలు చేసి కూర్చునేవారి గురించే.

అది ఎలా జరుగుతుందో చెబుతాం. పొద్దున కాల్ వర్క్‌లో కేసు నంబరు పిలుస్తారు. కార్మికుడు వెనక బెంచీలోంచి లేచి చేతులు కట్టుకుని ముందుకొస్తాడు. అవతల నల్లకోటు ఒకరు లేచి, "ఫర్ రెస్పాండెంట్, వకాలత్ ఫైల్డ్, టైం ఫర్ కౌంటర్" అంటారు. బెంచి క్లర్కు తేదీ చెబుతాడు. అరనిమిషంలో పని అయిపోతుంది. కార్మికుడు ఆ తేదీని అరచేతిలో రాసుకుని బయటికొస్తాడు. ఏం జరిగిందో అతనికి తెలియదు. నిజానికి ఆ అరనిమిషంలో అతను తన హక్కును వదులుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత ఎవరో చెబితే తెలుసుకుని అభ్యంతరం పెడితే, "ఇన్నాళ్లూ ఎందుకూరుకున్నావు, కౌంటర్ కాపీ తీసుకున్నావుగా, అంటే ఒప్పుకున్నట్టేగా" అంటారు. మొదట్లోనే అభ్యంతరం చెప్పకుండా విచారణలో పాల్గొంటే మౌనంగా సమ్మతించినట్టేనని హైకోర్టుల తీర్పులు కూడా ఉన్నాయి. మౌనం అర్ధాంగీకారమంటారు. లేబర్ కోర్టులో అది పూర్ణాంగీకారం.

కాబట్టి మా మొదటి కోరిక ఇది. యాజమాన్యం వకాలత్ వేసిన రోజునే కార్మికుడి చేతికి ఒక కాగితం ఇవ్వాలి. అది తెలుగులోనూ, రాష్ట్ర రెండో అధికార భాష అయిన ఉర్దూలోనూ ఉండాలి. అందులో ఇంతే ఉంటే చాలు: "ఈ కేసులో ఎదుటి పక్షం వకీలును పెట్టుకోవాలనుకుంటోంది. మీరు ఒప్పుకుని, కోర్టు కూడా అనుమతిస్తేనే ఆ వకీలు వాదించగలరు. ఒప్పుకోకపోవడం మీ హక్కు. ఒప్పుకోనంత మాత్రాన మీ కేసుకు నష్టమేమీ లేదు. ఆలోచించుకోవడానికి వచ్చే వాయిదా దాకా గడువుంది." కింద ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు అని రెండు గళ్లు, సంతకానికి చోటు. చదవడం రానివారికి కోర్టు సిబ్బంది చదివి వినిపించాలి. ఆ కాగితం ఫైలులో చేరేదాకా వకాలత్‌ను రికార్డుల్లోకి తీసుకోకూడదు. మౌనాన్ని సమ్మతిగా లెక్కించరాదని నియమాల్లో రాయాలి. కొత్త కోడ్ కింద రాష్ట్ర నియమాలు చేసే అధికారం మీ ప్రభుత్వానికి ఉంది గనుక ఈ పని హైదరాబాద్‌లోనే అవుతుంది, ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు.

ఈ షరతు రెండువైపులా పదునున్నదని మాకు తెలుసు. యజమాని ఒప్పుకోకపోతే మేమూ వకీలును పెట్టుకోలేం. ఈ చట్టం రాసినప్పుడు కార్మికుడి పక్కన యూనియన్ నాయకుడు ఉంటాడనుకున్నారు. తెల్లారితే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండే మనిషి, మేనేజరును పేరుపెట్టి పిలవగలిగిన మనిషి. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న వి.వి.గిరి గారైతే కోర్టుల తీర్పులకన్నా యూనియన్, యాజమాన్యం ముఖాముఖి కూర్చుని తేల్చుకోవడమే మేలని గట్టిగా వాదించారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవే వదిలేశారు. ఆయన ఊహించిన యూనియన్ ఇవాళ కాంట్రాక్టరు కింద పనిచేసే గార్డుకు, హౌస్‌కీపింగ్ అక్కకు ఎక్కడుంది? అందుకే వకీళ్లను గేటు బయట నిలబెట్టమని మేం అడగడం లేదు. కోర్టు అనుమతి ఇచ్చేటప్పుడు దానికి షరతు పెట్టమంటున్నాం. యజమాని వకీలుకు అనుమతి ఇస్తే, అదే ఉత్తర్వులో కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం కింద వకీలును ఇవ్వాలి. ఎవరు కావాలో ప్యానెల్‌లోంచి కార్మికుడే ఎంచుకోవాలి. వద్దు, నా కేసు నేనే చెప్పుకుంటానంటే ఆ మాటనూ మన్నించాలి.

ఇదీ కొత్త ఖర్చేమీ కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత సహాయానికి అర్హుల జాబితా ఉంది. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికుడు కూడా అందులో ఉన్నాడు. అతనికి ఆదాయ పరిమితి లేదు. ఆ చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ కూడా. ఇంత స్పష్టంగా ఉన్నా లేబర్ కోర్టు నోటీసు మీద ఆ సంగతి ఒక్క ముక్క ఉండదు. 15100 అనే ఉచిత ఫోన్ నంబరు ఉందని మాలో చాలామందికి కేసు మొదలైన ఏడాదికి గానీ తెలియలేదు. నోటీసు మీద ఆ నంబరు అచ్చు వేయించండి. ప్యానెల్‌లో భూతగాదాలు, చెక్ బౌన్సు కేసులు చూసేవారితో సరిపెట్టకుండా లేబర్ కేసులు నడిపిన అనుభవమున్నవారిని తీసుకోమని న్యాయ సేవాధికార సంస్థకు మీరు రాయండి.

ఇక కాగితాల సంగతి. మా కేసులు ఎక్కువ ఇక్కడే పోతాయి.

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ని తీసేయాలంటే ఒక నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇవ్వకపోతే తీసివేత చెల్లదు. బాగానే ఉంది. కానీ ఆ 240 రోజులు పనిచేశానని నిరూపించుకోవాల్సింది కార్మికుడేనని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాజరు పట్టీ ఎవరి దగ్గరుంటుంది? జీతాల రిజిస్టరు ఎవరి బీరువాలో ఉంటుంది? రోజుకూలీ మీద పనిచేసేవాడికి అపాయింట్‌మెంట్ కాగితమూ, రసీదూ ఉండవన్న సంగతిని 2005లో యెల్లట్టి కేసులో సుప్రీంకోర్టే గుర్తించింది. కార్మికుడు బోనెక్కి చెప్పాలి, రిజిస్టర్లు తెప్పించమని దరఖాస్తు పెట్టుకోవాలి అంది. ఆ దరఖాస్తు పెట్టాలని వకీలుకు తెలుసు, మాకు తెలియదు. పెట్టనివాడి కేసు "రుజువు చేయలేదు" అనే మాటతో ముగుస్తుంది.

మా చేతిలో ఉండేది ఏమిటంటే ఒక ఐడీ కార్డు, సెల్‌ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్. మాలో ఒక గార్డు ఒకే గేటు దగ్గర, ఒకే కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నాడు. అతని పాస్‌బుక్ తెరిస్తే ఒకే యూఏఎన్ కింద మూడు వేర్వేరు మెంబర్ ఐడీలు, మూడు ఏజెన్సీల పేర్లు. కాంట్రాక్టు మారినప్పుడల్లా పేరు మారింది, కుర్చీ మారలేదు. బోనులో అతన్ని అడిగింది ఒకటే ప్రశ్న: "నీ పీఎఫ్ కట్టింది ఈ సంస్థేనా?" "కాదు సార్" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ నిజంతోనే కేసు సగం పోయింది. గేటు రిజిస్టరులో రోజూ అతను పెట్టిన సంతకాలు ఆ సంస్థ దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు.

కనుక అడిగేదాకా ఆగకుండా, కౌంటరుతో పాటే యాజమాన్యం దాఖలు చేయాల్సిన కాగితాల జాబితాను నియమాల్లోనే పెట్టాలి. నియామక పత్రం, హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, కాంట్రాక్టరుతో ఒప్పందం, గేటు రిజిస్టరు, క్రమశిక్షణ విచారణ జరిపితే దాని ఫైలు మొత్తం అందులో ఉండాలి. లేవంటే, ఎందుకు లేవో సంస్థ బాధ్యుడు ప్రమాణ పత్రంలో చెప్పాలి. కాగితాలు తెప్పించే అధికారం లేబర్ కోర్టుకు పాత చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది. ఆ అధికారాన్ని కోర్టు తనంతట తానే వాడాలన్నదే మా విన్నపం.

కార్మికుడి దరఖాస్తుకు కూడా తెలుగులో ఒక నమూనా ఫారం ఇవ్వండి. దానిలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: పని పోయినప్పట్నుంచి వేరే ఉద్యోగం దొరికిందా, లేదా? 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం తీసివేత చెల్లదని తేలితే వెనకటి జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి. అయితే తనకు వేరే సంపాదన లేదని కార్మికుడు ముందుగా చెప్పాలి. అప్పుడే కాదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. ఆ ఒక్క వాక్యం రాయనందుకు ఏళ్ల జీతం పోగొట్టుకోవడం మామూలు మనిషికి తగిన శిక్షేనా?

క్రాస్ ఎగ్జామినేషన్ గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. వకీలు ఉన్న సాక్షికి క్రాస్ అయ్యాక రీ ఎగ్జామినేషన్ ఉంటుంది. తన వకీలు లేచి, ఆ జవాబు వెనకున్న సంగతిని చెప్పించుకుంటారు. మా కేసులో సాక్షీ, వకీలూ ఒకరే. మమ్మల్ని తిరిగి అడిగేవారు ఉండరు. "ఈ ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద సంతకం నీదేనా?" "నాదే సార్, కానీ..." "అవునా కాదా చెప్పు." "అవును." టైపిస్టు ఇంగ్లీషులో కొడతాడు: సంతకం నాదేనన్నది నిజం. "కానీ" దగ్గర ఆగిపోయిన మాట ఎక్కడా ఎక్కదు. ఆ "కానీ" తర్వాత చెప్పాలనుకున్నది, రావాల్సిన నెల జీతం ఇవ్వాలంటే ఆ కాగితం మీద సంతకం పెట్టాలన్నారని. వాళ్ల చేత "నువ్వు" అనిపించుకున్నందుకు మాకు బాధ లేదు, ఆ మాట మా కోరికల్లో పెట్టలేదు కూడా. సొంతంగా వాదించుకునే కార్మికుడికి క్రాస్ అయ్యాక తన జవాబులకు వివరణ చెప్పుకునే అవకాశం జడ్జిగారే అడిగి ఇవ్వాలని, ఆ వివరణను కూడా వాంగ్మూలంలో ఎక్కించాలని మాత్రం నియమంగా రాయండి. వాంగ్మూలాన్ని తెలుగులో రాయాలి, లేదంటే సంతకం పెట్టించే ముందు తెలుగులో చదివి వినిపించాలి. మన హైకోర్టే 2023 జూన్‌లో తెలుగులో ఒక తీర్పు వెలువరించింది. కింది కోర్టులో ఒక హౌస్‌కీపింగ్ కార్మికురాలి వాంగ్మూలం తెలుగులో ఉండటం అసాధ్యమేమీ కాదు.

బ్రిటన్‌లో ఉద్యోగ వివాదాలు విచారించే ఎంప్లాయిమెంట్ ట్రిబ్యునళ్లలో వకీళ్ల మీద ఇలాంటి నిషేధం లేదు. అక్కడా వకీలు లేకుండా వచ్చే ఉద్యోగులు ఉంటారు, అవతల సొలిసిటర్లు, బారిస్టర్లు ఉంటారు. వీలైనంతవరకు రెండు పక్షాలూ సమాన స్థాయిలో నిలబడేలా చూడటం ట్రిబ్యునల్ ధర్మమని వాళ్ల విధి నియమాల మొదట్లోనే రాసి పెట్టుకున్నారు. మన నియమాల్లోనూ అలాంటి ఒక వాక్యం ఉంటే, జడ్జిగారు కార్మికుడికి ఒక మాట విడమరిచి చెప్పినప్పుడు పక్షపాతమని అవతలివారు అనలేరు.

వాయిదాల గురించి చెప్పడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు. ఒక్క కార్మికుడికి సంబంధించిన వివాదాన్ని ప్రభుత్వం నివేదిస్తే మూడు నెలల్లో తేల్చాలని పాత చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది. అది అచ్చులోనే ఉండిపోయింది. అవతలి వకీలు రాలేదని వాయిదా పడిన ప్రతిసారీ ఆయన ఫీజుకేమీ తగ్గదు. మాకు మాత్రం ఆ రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, కొత్త ఉద్యోగంలో సూపర్‌వైజరుతో మాట పడాల్సి వస్తుంది. ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. యాజమాన్యం అడిగిన వాయిదాకు కార్మికుడి రోజు కూలీ, ప్రయాణ ఖర్చు అక్కడికక్కడే కట్టించండి. ఫలానా గంటకు రమ్మని సమయం చెప్పండి, పొద్దున్నుంచీ వరండాలో కూర్చోబెట్టకండి. రాజీ దశలో కన్సల్టెంటు అనే పేరుతో వస్తున్న వకీళ్లను గుర్తించి వెనక్కి పంపమని అసిస్టెంట్ లేబర్ కమిషనర్లకు సర్క్యులర్ ఇస్తే చాలు, దానికి కొత్త నియమం కూడా అక్కర్లేదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, కొత్త కోడ్ వల్ల రెండు మార్పులు వస్తున్నాయి. తీసివేతను సవాలు చేసే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. లేబర్ కోర్టుల చోట న్యాయ సభ్యుడు, పరిపాలనా సభ్యుడు కలిసి కూర్చునే ట్రిబ్యునళ్లు రానున్నాయి. గడువు తగ్గిన సంగతి జనానికి తెలియాలి. పల్లెనుంచి వచ్చి పటాన్‌చెరులోనో జడ్చర్లలోనో పనిచేసి, పని పోగానే ఊరికి తిరిగి వెళ్లిపోయినవాడికి ఆ సంగతి తెలిసేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. లేబర్ ఆఫీసుల్లో, బస్టాండుల్లో, ఈఎస్‌ఐ డిస్పెన్సరీల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా భాషల్లో బోర్డులు పెట్టించండి. ట్రిబ్యునళ్లు వచ్చాక హైదరాబాద్, వరంగల్, గోదావరిఖని లాంటి చోట్ల ఇప్పుడున్న కోర్టులు ఎత్తేసి అన్నీ రాజధానికి చేర్చకండి. జిల్లాల్లో క్యాంపు కోర్టులు పెట్టండి.

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక పేరుంది. పనిలోంచి తీసేసిన కార్మికుడు ప్రభుత్వ నివేదన కోసం ఎదురుచూడకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే చట్టం సవరించుకుంది. కేంద్రం ఆ పని చేసింది 2010లో. అప్పుడు తలుపు తెరిచింది ఈ గడ్డ మీదే. లోపలికి వెళ్లినవాడికి అక్కడ ఏం జరుగుతుందన్నది ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

గెలిచినవాళ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాం. యాజమాన్యం హైకోర్టుకు వెళితే, అక్కడ కేసు తేలేదాకా చివరగా తీసుకున్న జీతం ఇవ్వాలని పాత చట్టం 17బి సెక్షన్ చెబుతుంది. దాని కోసం వేరే దరఖాస్తు, వేరే ప్రమాణ పత్రం కావాలి. ఉద్యోగంలోకి తీసుకోమని తీర్పు వచ్చిన రోజే ఆ రెండింటి నమూనా తెలుగులో కార్మికుడి చేతిలో పెట్టించండి.

పై కోరికల్లో సమ్మతి పత్రం, నోటీసు మీద 15100 నంబరు, రాజీ దశపై సర్క్యులర్ అనే మూడింటికీ పైసా ఖర్చు లేదు. వీటిని వెంటనే అమలు చేయవచ్చు. మిగతావి రాష్ట్ర నియమాల్లో చేర్చే ముందు మాలో కొందరిని పిలిచి మాట్లాడమని కోరుతున్నాం. వాయిదా లేని రోజు ఏదైనా ఫరవాలేదు, కబురు పంపితే వస్తాం.

ఇట్లు,
తమ కేసులు తామే నడుపుకుంటున్న కార్మికులు
(సంతకాలు, వేలిముద్రలు వేరే పత్రంలో)

ప్రతులు: రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ సభ్య కార్యదర్శి గారికి, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ గారికి.

జతపరిచినవి: సమ్మతి పత్రం నమూనా, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి, యాజమాన్యం దాఖలు చేయాల్సిన కాగితాల జాబితా.